నెమ్మది అల

మా దగ్గర గెండేర్‌ను ఒక్కదాన్నే ఎవరూ చేయించరు. పది కంచు పలకల వాద్యం, దానికి జోడుగా అలాంటిదే ఇంకొకటి. రెండింటి శ్రుతీ అతికినట్టు కలవకూడదు. ఒకటి పిసరంత కిందికి ఉండాలి. అప్పుడే రెండూ కలిసి మోగితే నాదం అలలా ఊగుతుంది. శ్రుతి పూర్తిగా కలిసిపోతే మాకది చచ్చిన నాదం.

కింది శ్రుతిది నాది, పైది మా ఆయన సుదర్పది. ఆడదానికి గెండేర్ ఏమిటని అత్తగారు సణుగుతూనే ఉండేది. మేము మాత్రం తోలుబొమ్మలాటల్లో తెర వెనక ఎదురెదురుగా కూర్చుని వాయిస్తూనే ముసలివాళ్ళమయ్యాం. ఇంట్లో మాటల కంటే పోట్లాటలే ఎక్కువ. వాయించడానికి కూర్చుంటే మాత్రం అల నెమ్మదిగా, నిద్రపోతున్న మనిషి ఊపిరిలా వచ్చేది.

ఆయన పోయాక ఆయన గెండేర్ మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. నాది రోజూ వాయించాను. ఒంటరిగా వాయిస్తే ఉప్పు లేని కూరే. అయినా మానలేదు.

ఈమధ్య మరిది కూతురికి, ఈడొచ్చిన పిల్లలకి మావైపు చేసే పళ్ళు అరగదీసే వేడుక దగ్గరపడింది. దానికి గెండేర్ జంట మోగాల్సిందే. మరిది మెర్తా వచ్చి, "ఇంకెన్నాళ్ళు వదినా, అన్నయ్య వాద్యానికి కాపలా?" అన్నాడు. సరే, కూర్చోమన్నాను. వాయిస్తే అల వచ్చింది గానీ, ఎవరో తరుముతున్నట్టు గజగజలాడుతూ వచ్చింది. అది మాది కాదు. దుఃఖం ఆగక మరిదిని తిట్టిపోశాను. పాపం, అతని తప్పేమీ లేదు.

రెండు వాద్యాలూ కంచరి సెంతన కొలిమికి చేర్చాం. మోగించి చూసి, మారింది నా పలకలేనన్నాడు. విడవకుండా వాయించేసరికి నా కంచు సడలి శ్రుతి దిగిందట. ఆయనది ఉన్నచోటే ఉందట. రెంటికీ ఎడం పెరిగితే అల పరుగెత్తుతుంది.

"మామ పలకలు అడుగున కాస్త గీకితే కిందికి దిగుతాయి. పని సులువు అత్తా."

"ఆయనవాటి జోలికి పోకు. నావే పైకెక్కించు."

"అల ఎంత నెమ్మదిగా ఉండేదో నువ్వే చెప్పాలి మరి."

నా పలక చివర ఆకురాయితో రుద్దేవాడు. రెండు చేతులతో రెండు పలకలూ ఒక్కసారే కొట్టేవాడు. ఇంకా నెమ్మది అనేదాన్ని. మళ్ళీ రుద్దేవాడు. కాఫీ చల్లారిపోయింది. మెర్తా అరుగు మీద కునుకుతున్నాడు.

అప్పుడు ఇంకో దెబ్బ కొట్టాడు. అదే అల. ఆయన ఎదురుగా తల వంచుకుని కూర్చున్నట్టే ఉంది. నాకు ఆయన కావాలి. ఎంత ఏడ్చినా, ఎంత వాయించినా, నాకు ఆయనే కావాలి.

"ఇదేనా అత్తా?"

అవునంటే కొట్టడం ఆపేస్తాడు.

"కాదు. ఇంకోసారి కొట్టు."

సెంతన నా ముఖంలోకి చూశాడు. ఆకురాయి పక్కన పెట్టేశాడు. పలకను రుద్దకుండానే మళ్ళీ కొట్టాడు. ఈసారి ఇదేనా అని అడగలేదు.