చెల్లెమ్మ కాడ

పూల పాఠంలో బూతులున్నాయని కనిపెట్టిన మహానుభావుడు మా బడి యజమాని. మర్యాదంటే ఆయనకు ప్రాణం. అందుకే వెనకాల మేమంతా ఆయన్ను మర్యాదరావు గారనేవాళ్ళం. ఎదురుగా మాత్రం సార్ అనే పిలిచేవాళ్ళం, మర్యాద మాకూ తెలుసు కదా.

ఎవరో మెట్ల మీద మరిచిపోయిన ఏడో తరగతి సైన్సు పుస్తకాన్ని ఆయన తీసి తిరగేశారట. మగ భాగాలు, ఆడ భాగాలు, అండాశయం! అక్కడికే చెమటలు పట్టాయి. పేజీ తిప్పితే 'పరాగ సంపర్కం' కనబడింది. పుప్పొడి ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు చేరడమని దాని అర్థం. ఆయన పరాగాన్ని వదిలేసి సంపర్కాన్ని పట్టుకున్నారు.

వెంటనే సైన్సు టీచరుకు కబురు వెళ్ళింది. పాపం, ఆ అమ్మాయిది మూడేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగమే. భర్త పనిచేసే మిల్లు మూతపడింది. ఇల్లు గడిచేది ఈమె జీతంతోనే. రాబోయే తనిఖీ సవ్యంగా జరిగితే పర్మనెంటు చేస్తానని మర్యాదరావు గారు ఎప్పటినుంచో ఊరిస్తున్నారు. ఇప్పుడు దానికి ఇంకో ముడి వేశారు. పాఠం చెప్పాలి గానీ పుస్తకంలోని మాటలు వాడకూడదు. మగ భాగాన్ని అన్నయ్య కాడ అనాలి, ఆడ భాగాన్ని చెల్లెమ్మ కాడ అనాలి. సంపర్కాన్ని పలకరింపు అంటే సరిపోతుంది.

"ఒకే పువ్వులో పుట్టాయి కనక అన్నాచెల్లెళ్ళే కదమ్మా. ఇంతకంటే పవిత్రమైన వరస ఏముంది?" అన్నారట.

టీచరు నోరు తెరిచి, "సార్, ఆ తర్వాత కాయ..." అనబోయింది. కాయ సంగతి తర్వాత చూద్దాం లెమ్మని ఆయన పంపించేశారు.

నేను లెక్కల మాస్టారిని. నా తరగతికీ ఆమె తరగతికీ మధ్య అడ్డం సందులున్న ఒక చెక్క తడిక మాత్రమే, అటు జరిగేది కనబడేది కూడా. నేనిటు భిన్నాలు చెబుతుంటే అటు నుంచి అన్నయ్య కాడలు చెల్లెమ్మ కాడ చుట్టూ కాపలా కాస్తున్నట్టు వినబడేది. పాఠం రోజూ పలకరింపు దాకా వచ్చి ఆగిపోయేది. అంతకు మించి వెళ్ళడానికి ఆ అమ్మాయికి ధైర్యం చాలలేదు. నాకు నవ్వొచ్చేది, వెంటనే జాలీ వేసేది.

తనిఖీ రోజు రానే వచ్చింది. ఇన్‌స్పెక్టరమ్మ నెమ్మదస్తురాలు, సైన్సు తరగతికొచ్చి చివరి బల్ల మీద కూర్చుంది. తన సంస్కరణ తనే చూపించుకోకపోతే మర్యాదరావు గారికి నిద్ర పడుతుందా? ఆఫీసు కిటికీలో ఉన్న వంకాయ మొక్కను కుండీతో సహా తెప్పించి, టీచరును పక్కకు జరగమని తనే పాఠం మొదలుపెట్టారు. పువ్వులో పచ్చగా ఉన్నవి అన్నయ్య కాడలనీ, నడిమధ్య ఉన్నది చెల్లెమ్మ కాడనీ చూపించారు.

ఇన్‌స్పెక్టరమ్మ లేచొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, పక్క కొమ్మను వంచింది.

"మరి ఈ వంకాయ ఎవరిదండీ?"

"చెల్లెమ్మదేనండి."

"చెల్లెమ్మకు కాయెలా వచ్చింది?"

"అన్నయ్య పలకరించాడండి," అన్నారు మర్యాదరావు గారు.

ఆ మాట అందరికంటే ఆలస్యంగా ఆయనకే వినబడినట్టుంది. తడిక ఇవతల నా చేతిలో సుద్దముక్క జారిపోయింది. లెక్క ఆపేసి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆయన తేరుకుని, ఈ మాటలన్నీ టీచరు కల్పించినవేనని, పిల్లలు చెప్పుకుంటుంటే విని తనూ వాడానని అన్నారు.

"మీవేనా అమ్మా?" అని అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

అడకత్తెరలో పోకచెక్కంటే ఏమిటో ఆ క్షణాన చూశాను. ఔనంటే చదువు రాని టీచరవుతుంది, కాదంటే ఉద్యోగం ఊడుతుంది. మర్యాదరావు గారు కళ్ళతోనే బతిమాలుతున్నారు, కళ్ళతోనే బెదిరిస్తున్నారు.

"నావి కావండి," అంది ఆమె. "నా మాటల్లో చెప్పనిస్తే చెబుతాను."

చెప్పింది. ఇవి మగ భాగాలు, ఇది ఆడ భాగం అంది. ఈ పొడి దాని కొసన పడితే అక్కడి నుంచి సన్నటి గొట్టంలా అండాశయంలోకి దిగుతుంది. అక్కడ అండాలతో కలుస్తుంది. ఇక రేకులతో పనిలేదు, రాలిపోతాయి. అండాశయం ఉబ్బి కాయవుతుంది, అండాలు గింజలవుతాయి. వంకాయ తెంపి, రెండుగా విరిచి గింజలు చూపించింది. తొలిమాటకు వణికిన గొంతు గింజల దగ్గరికొచ్చేసరికి కుదుటపడింది.

ఒక్కరూ కిసుక్కుమనలేదు. ఒకడు ఆవలించాడు. ఒకమ్మాయి దోసకాయ కూడా ఇంతేనా అని అడిగి రాసుకుంది. చెవులు ఎర్రబడింది మర్యాదరావు గారికి ఒక్కరికే.

సాయంత్రం ఆమెను ఆఫీసుకు రమ్మన్నారు. బల్ల మీది సామానంతా సంచిలో సర్దుకునే వెళ్ళింది. నాకు కాలు నిలవక వరండాలో తిరుగుతున్నాను. కాసేపటికి బయటికొచ్చింది.

"పర్మనెంటు చేశారు మాస్టారూ. చెయ్యాల్సిందేనని ఇన్‌స్పెక్టరమ్మ గట్టిగా రాసి వెళ్ళారట," అంది. సంచిలో సర్దిన సైన్సు పుస్తకాన్ని మళ్ళీ బయటికి తీసింది. నా కళ్ళు చెమర్చాయి.

అయితే మర్యాదరావు గారు ఊరికే ఓడిపోయే రకం కాదు. ఇక మీదట పూల పాఠం ఆమె ముట్టుకోకూడదట, డ్రిల్లు మాస్టారు చెబుతారట. ఆమె రేపటి నుంచి ఆ తర్వాతి పాఠం మొదలుపెట్టాలట.

నేను ఆమె చేతిలోని పుస్తకం తీసుకుని ఆ పేజీ తెరిచాను. 'జంతువుల్లో ప్రత్యుత్పత్తి.'

"ఆయనకు చెప్పావా?" అన్నాను.

"అలాగేనండీ అన్నాను," అంది.