మెహ్రాబ్ ముందు

దేవరకొండ పాత మసీదులో ఆ వారమంతా చాపలతోనే పోట్లాట. ఇమాం లియాఖత్ అలీ వాటిని పడమటి గోడకు సమంగా పరిచి వెళ్లేవాడు. మళ్లీ వచ్చేసరికి అవి కుడివైపుకు వాలి ఉండేవి. అది ఆయన అన్న కొడుకు మక్సూద్ పని.

మక్సూద్ హైదరాబాదులో చదివి సర్కారు కట్టడాల మీద ఓవర్సీరయ్యాడు. వచ్చీ రాగానే మెహ్రాబ్ ముందు, అంటే గోడలో ఇమాం నిలబడే గూడు ముందు, దిక్సూచి పెట్టాడు. కాబా ఉన్న దిక్కు ఇది కాదన్నాడు.

"పునాది ఏసినోళ్లు పొద్దు గూకిన దిక్కుకు గీత గీసిండ్రట గద చిచ్చా. చలికాలం పొద్దు ఎడమకు జారుతది. గోడ గూడ జారింది. గిది తీసేసి సక్కగ కట్టాలె."

"మీ తాత గీడనే సజ్దా చేసిండు. ఆయన నమాజులన్నీ గంగల కలిసినయా?"

"ఆయనకు తెల్వదు. నీకు తెలుసు."

లియాఖత్ అలీకి నిజంగానే తెలుసు. చిన్నప్పుడు వాకిట్లో కూర్చుని, సూర్యుడు చలికాలంలో మాత్రమే సరిగ్గా ఆ గోడ వెనక దిగడం చూశాడు. తెలిసిన సంగతిని మరొకరి నోట వినడమే ఆయన ఓర్చుకోలేకపోయాడు.

బెల్లం, కరక్కాయ నీళ్లు పోసి రుబ్బిన సున్నంతో అద్దిన గూడు అది. అంచున తీగలు, మొగ్గలు. దాని లోపలి వంపు గొంతును పట్టి, బరువు పెంచి వెనక్కి పంపేది. లియాఖత్ అలీ తండ్రి ఇక్కడ ఇమాంగా ఉన్నప్పుడు ఆయన గొంతు అలాగే వినిపించేది. ఆ గూడు లేకపోతే తన గొంతు ఎంత సన్నదో లియాఖత్ అలీకి ఇంట్లో మాట్లాడినప్పుడల్లా తెలుస్తూనే ఉండేది.

గాజుల దుకాణం ఖాసీం సాబ్ పెద్దమనిషిగా విసుక్కున్నాడు. "జుమ్మా నమాజైనంక తేల్చుదాం. అందాక ఇమాం ఎటు నిలబడితే జమాత్ అటే. గిది మసీదు, మీ ఇంటి పంచాది గాదు."

శుక్రవారం లియాఖత్ అలీ వచ్చేసరికి చాపలు వాలే ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు. ఎవరినీ చూడకుండా గూట్లోకి వెళ్లి, గోడకు సూటిగా నిలబడి నమాజు మొదలుపెట్టాడు. వెనక చాపలు ఈడ్చిన చప్పుడైంది. ఇంకా పక్కకు లాగుతున్నారా? తన వీపు చూసి నవ్వుతున్నారా?

నమాజులో ఇమాం వెనక్కి తిరిగి చూడకూడదు. ముగింపున సలాం చెబుతూ కుడికి, ఎడమకు మొహం తిప్పినప్పుడే చూపు దొరుకుతుంది. పెదవులు ఆయతులు చదువుతున్నాయి. మనసు మాత్రం ఆ సలాం కోసమే కాచుకుని ఉంది. సజ్దాలో నుదురు నేలకు ఆన్చినా ఆయనకు మక్సూద్ మడమలే కనిపించాయి, వంకరగా.

సజ్దా నుంచి లేచి కూర్చున్నాడు. నమాజులోని రెండు ఆవృత్తుల్లో మొదటి రకాత్ మాత్రమే అయింది. ఇంకొక రకాత్ కోసం లేచి నిలబడాలి. లేవలేదు.

"సుభానల్లా," అంది వెనక ఒక గొంతు. ఇమాం తప్పు చేస్తే అలాగే గుర్తు చేస్తారు. ఆ గొంతు మక్సూద్‌ది. అది వినగానే లియాఖత్ అలీ మొహమే కాదు, ఛాతీ మొత్తం తిప్పి వెనక్కి చూశాడు.

చాపలు గోడకు సమంగా ఉన్నాయి. సగం లేచిన మనుషులు భుజానికి భుజం కలిపి, ఆయన నిలబడిన దిక్కుకే ఉన్నారు. మొదటి వరుసలో మక్సూద్ పాదాలు కూడా గోడకు సూటిగా ఉన్నాయి.

"అందరి నమాజ్ చెడగొడ్తివి గద మియా," అన్నాడు ఖాసీం సాబ్, పళ్లు కొరుకుతూ. "మక్సూద్, నువ్వు రా ముందటికి. మొదట్నుంచి చదివియ్యి."

చిచ్చా పక్కనుంచి పోతూ మక్సూద్ మెల్లగా అన్నాడు. "ఎన్కకు చూస్తివా? గోడ కాదు వంకర."

లియాఖత్ అలీ వరుస చివర నిలబడ్డాడు. మక్సూద్ గొంతెత్తాడు. గూడు దాన్ని పట్టింది, బరువు పెంచింది, వెనక్కి పంపింది. అచ్చం లియాఖత్ అలీ తండ్రి గొంతు. తన గొంతు తనకే వినబడి మక్సూద్ ఒక్క క్షణం ఆగాడు, మళ్లీ ఇంకాస్త పెంచాడు.

ఇక ఆ గోడను వాడు పడగొట్టడని లియాఖత్ అలీకి అర్థమైంది.