పదిహేడో బోరు

ఆ రాయి ఎందుకంత నున్నగా ఉంది, పొద్దున ప్రార్థన పుస్తకం తెరిచినప్పుడు పేజీ ఎగరకుండా మీద పెట్టే ఆ రాయి, ఒకవైపు అద్దంలా, వేలితో రాస్తే సన్నటి గీతలన్నీ ఒకే దిక్కుకి, అనుకుంటూనే అతను కంప్యూటరు ముందు కూర్చున్నాడు, తెరమీద భూమి అడుగునున్న బొగ్గు పొర దుప్పటి పరిచినట్టు మెరుస్తోంది, ఎక్కడా మడత లేదు, నలభై బోర్ల లోతులు ఇస్తే మధ్య ఖాళీలన్నీ యంత్రమే పూరించింది, మధ్యాహ్నానికల్లా ఇది సొరంగం తవ్వేవాళ్ళకి పంపాలి, దీన్ని నమ్ముకునే వాళ్ళు లోపలికి వెళతారు, పదహారో బోరులో పొర నూట పన్నెండు మీటర్ల దగ్గర, అర కిలోమీటరు అవతల పద్దెనిమిదో బోరులో నూట యాభై ఆరు, మధ్యలో చక్కటి వాలు, మరి పదిహేడు ఏదీ అని ఎవరూ అడగరు, నిన్న తీసేసింది తనే గదా.

పదహారుకి అరవై మీటర్ల దూరంలోనే పదిహేడు, లోతు నూట యాభై ఒకటి అని రాసి ఉంది, రాసిన డ్రిల్లరు తన భార్యకి అన్నయ్య, జానెడు చేపని నిలువెత్తు చేసి చెప్పే మనిషి, మీ బావగారు చేపల్నే కాదు, మీటర్లని కూడా సాగదీస్తారన్నమాట అని మేనేజరు అందరి ముందూ అంటే టీ తాగుతున్నవాళ్ళు పొలమారేలా నవ్వారు, తనూ నవ్వాడు, చుట్టాన్ని వెనకేసుకొస్తున్నాడని ఎవరూ అనకూడదని ఆ అంకెని చెరిపేశాడు, నిజాయితీగా ఉన్నాననుకుని హాయిగా నిద్ర కూడా పోయాడు, ఫోనులో బావ మాత్రం నవ్వలేదు, పొర తగిలేసరికి యాభై రాడ్లు దిగాయి బావా, ఒక్కోటి మూడు మీటర్లు, ఆపైన ఒక్క మీటరు, చేత్తో తడిమి లెక్కపెట్టాను, కోతలు మనుషుల దగ్గర కోస్తాను గానీ రాళ్ళ దగ్గర నాకేం పని అని పెట్టేశాడు, అన్నయ్య నోటి లెక్క వేరు, చేతి లెక్క వేరు కదండీ అంది భార్య వడ్డిస్తూ, తను నీళ్ళ గ్లాసు అందుకుని మాట మార్చాడు.

ఆ రాయి బావ తెచ్చిందే, పదిహేడో బోరులో పొర దాటాక పది మీటర్ల కింద దొరికిందట, మెరుస్తోందని చెల్లెలికి ఇచ్చాడు, ఏటి గులకరాయి అయితే అన్ని వైపులా అరుగుతుంది, ఇది ఒకవైపే, రాయిని రాయి ఒరుసుకుంటూ కిందికి జారితే తప్ప, జారితే, అతని చెయ్యి మౌసు మీద ఆగిపోయింది, నేల అక్కడ తెగింది, తెగి ఒకవైపు దిగిపోయింది, ఈ పనిలో ఫాల్ట్ అనేది దాన్నే, నూట యాభై ఒకటీ, నూట యాభై ఆరూ, ఆ రెండూ దిగిపోయిన వైపువే, కోతలు కోసేవాడి అంకె అవతలి బోరుతో అంత చక్కగా ఎలా కలుస్తుంది, తెగిన చోట రాయి పిండిపిండిగా ఉంటుంది, నీళ్ళు పట్టి ఉంటుంది, వాలే గదా అని తవ్వుకుంటూ వెళ్ళినవాళ్ళ మీద, భగవంతుడా, రోజూ దండం పెట్టే చోటే ఉంచావు, చూడడానికి నాకిన్ని రోజులా, అయినా నువ్వు పరిచిన నేల ఎందుకు తెగాలి, అడిగితే తప్పా, తెలియదు, తెగిందని చెప్పడం వరకే నా పని కాబోలు.

పదిహేడుని తిరిగి పెట్టాడు, దుప్పటి అక్కడ వికారంగా సాగింది, యంత్రానికి తెంచడం తెలియదు, సాగదీయడమే తెలుసు, పదహారుకీ పదిహేడుకీ మధ్య గీత గీసి, ఇటు లోతులు అటు లెక్కకి రాకూడదు, అటువి ఇటు రాకూడదు అని చెప్పాడు, పొర రెండుగా విడిపోయి, ఒకటి పైన, ఒకటి దాదాపు నలభై మీటర్ల కింద, రెండూ చదునుగా నిలిచాయి, ఇక మేనేజరుకి చెప్పాలి, టీ బల్ల దగ్గరే చెప్పాలి, నవ్వినవాళ్ళంతా అక్కడే ఉంటారు, బావని వెనకేసుకొస్తున్నావా అంటారు, అననీ, తను ఇన్నాళ్ళూ కోతలరాయుడనుకున్న మనిషి యాభై రాడ్లు చేత్తో తడిమి నిజం రాశాడు, దాన్ని చెరిపి అబద్ధం పరిచింది, నోరు తెరిచి ఏనాడూ బొంకని తనే.