అడుగు దూరపు మర్యాద

పాతికేళ్ళు తెనాలిలో తెలుగు పండితుడిగా పద్యాల్లో గురువులూ లఘువులూ లెక్కపెట్టినవాణ్ణి. మనిషి ఒంటికి గురుత్వ కేంద్రమనేది ఒకటుంటుందని మాత్రం నలభై తొమ్మిదో ఏట, 2006లో, న్యూజిలాండ్ వెళ్ళాక, ఆక్లాండ్‌లోని మౌంట్ ఆల్బర్ట్ పేటలో తెలిసింది. అప్పటిదాకా గురుత్వాకర్షణ అంటే శిష్యుడికి గురువు మీదుండే ఆకర్షణ అనుకున్నాను. నా క్లాసులో అదీ లేదనుకోండి.

పద్యం విని ఉద్యోగమిచ్చేవాళ్ళు ఆ దేశంలో లేరు. ఎనిమిది నెలలు తిరిగితే దొరికిన మొదటి పని, రెస్ట్ హోమ్‌లో వృద్ధులకు సాయం చేయడం. రెస్టు వాళ్ళది, హోమం మనది. కుర్చీలోని మనిషిని జాగ్రత్తగా నిలబెట్టే పరీక్ష పాసైతేనే ఉద్యోగం ఖాయం.

మంగళవారం పరీక్ష. కుర్చీలో మిసెస్ వాట్కిన్స్, ఎనభై ఆరేళ్ళావిడ. అమ్మకన్నా పెద్దావిడ పక్కన భుజం తగిలేలా నిలబడటం మా ఇంట్లో నేర్పలేదు. అందుకని భక్తిగా అడుగు దూరంలో ఆగి, వంగి, రెండు చేతులూ చాచి లాగాను. ఆవిడ సగం లేచి దబ్బున కూలబడింది. దెబ్బ తగల్లేదు గానీ బెదిరిపోయింది. నా నడుము కలుక్కుమంది. పరీక్ష పెట్టిన సూపర్‌వైజరు పెదవి విరిచి, "శుక్రవారం ఇంకొక్కసారి. అదే ఆఖరు," అంది.

అక్కడి నర్సు డెబోరా బాపట్ల పిల్ల. నన్ను స్టాఫ్ రూమ్‌లోకి లాక్కెళ్ళి, రెండు లీటర్ల పాలడబ్బా చేతిలో పెట్టింది.

"చెయ్యి చాచి పట్టుకోండి మాస్టారూ."

"ఎంతసేపమ్మా?"

"మీరు ఏడ్చేదాకా."

నిమిషానికే భుజం వణికింది. గుండెకి ఆనించుకోమంది. హాయిగా ఉంది.

"పాలు తగ్గాయాండీ?"

"లేదు. నా పొగరు తగ్గింది."

"తగ్గింది దూరం. తలుపుని అంచు దగ్గర తోస్తే వేలితో తెరుచుకుంటుంది, బందు దగ్గర తోస్తే కదలదు కదా? మీ నడుమే బందు. బరువు ఎంత దూరముంటే నడుముని అంత మెలిపెట్టేస్తుంది."

తర్వాత నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, కాళ్ళు ముందుకు చాపించి, వంగకుండా లేవమంది. లేవలేకపోయాను! తెనాలిలో ఎవరికీ తలవంచని మనిషినని పేరు. కుర్చీకి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

"పాదాలు వెనక్కి లాక్కోండి. ముక్కు కాలివేళ్ళ మీదికొచ్చేదాకా వంగండి. ఒంటి బరువు పాదాల మీదికొస్తే మనిషి తనంతటతనే లేస్తాడు. లాగక్కర్లేదు."

లేచాను. అయినా సందేహం తీరలేదు.

"అంత దగ్గరగా నిలబడటం మర్యాదేనా అమ్మా?"

"ఆవిడ పడిపోతుంటే మీ మర్యాద పట్టుకుంటుందా, మీరు పట్టుకుంటారా? ముందు ఆవిణ్ణి అడగండి మాస్టారూ. ఇక్కడ అడగటమే మర్యాద."

శుక్రవారం అడిగాను, దగ్గరగా నిలబడవచ్చా అని. మిసెస్ వాట్కిన్స్ నన్ను ఎగాదిగా చూసి ఇంగ్లీషులో అంది: "నిలబడు. మొన్న నువ్వు దూరం దూరంగా ఉంటే, నా ఒంటి వాసన నీకు పడటంలేదేమో అనుకున్నాను."

అడుగు దూరంలో నిలబడి నేను సమర్పించిన గౌరవం ఆవిడకి అందింది అలాగా!

ఆవిడ పక్కకి, తుంటికి తుంటి ఆనేంత దగ్గరగా జరిగాను. కాళ్ళు ఎడంగా పెట్టాను. ఆవిడ పాదాలు వెనక్కి జరిపించి, వీపు వెనక అరచెయ్యి ఆనించి, "ముందుకు వంగండి, ఇంకొంచెం," అన్నాను. వంగింది. బరువు పాదాల మీదికొచ్చింది. ఆవిడే లేచింది! నేను ఎత్తలేదు, లాగలేదు, ఆనుకుని ఉన్నానంతే. నిలబడ్డాక నా రెండో చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

సూపర్‌వైజరు కాగితం మీద పాస్ అని రాసింది.

వసారాలో డెబోరా కనబడింది. నా కూతురి వయసు పిల్ల. ఏ పుస్తకమూ చూపకుండా నాకు బతుకుతెరువూ, మనుషుల పక్కన నిలబడే తీరూ నేర్పింది. కళ్ళు చెమర్చి రెండు చేతులూ జోడించాను.

"దండాలు తర్వాత పెడుదురుగాని మాస్టారూ. పన్నెండో గదిలో తాతగారు లేస్తానంటున్నారు, రండి," అంటూ ముందుకు నడిచింది.

వెనకే పరుగెత్తాను.