అద్భుతానికి అడ్డొచ్చిన చేతులు

"రేపు నిన్ను కూడా పిలుస్తారు. ఏమీ చేయలేదని చెప్పు, చాలు," అన్నాడతను.

ఆమె అతని తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. రేపు ఆ చొక్కాతోనే అతను విచారణకొచ్చే పెద్దల ముందు కూర్చోవాలి. కాలరు దగ్గర ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఆగింది. ఆగితే బట్ట మాడుతుంది కనుక మళ్లీ కదిలింది.

"ఏమీ చేయలేదంటే?"

"అంటే ఏముంది? వైద్యం. బీపీ, షుగరు మాత్రలు తప్ప ఇంకేమీ లేదు కదా. ఎవర్నీ పెట్టలేదు కదా మనం."

ఎవర్నీ పెట్టలేదు. ఆ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. పక్షవాతం వచ్చి కుడి కాలూ కుడి చేయీ పడిపోయిన అత్తగారిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినరోజే అతను తేల్చేశాడు, "బయటి మనిషెందుకు, నువ్వున్నావుగా" అని. ఆ "నువ్వున్నావుగా" అన్న మాట వినడానికి ఎంత గౌరవంగా ఉంటుందో, మోయడానికి అంత బరువుగా ఉంటుంది. పెళ్లయిన కొత్తలో ఆమె ఆ మాటకి పొంగిపోయేది కూడా. పిల్లాడికి జ్వరమొస్తే నువ్వున్నావుగా. చుట్టాలొస్తే నువ్వున్నావుగా. గుడి వార్షికోత్సవానికి వందమందికి వంటంటే నువ్వున్నావుగా. ఉన్నది కాబట్టే ఎవర్నీ పెట్టలేదు, ఎవర్నీ పెట్టలేదు కాబట్టి ఏమీ జరగలేదు. లెక్క ఎంత శుభ్రంగా కుదిరిందో చూసి ఆమెకే ముచ్చటేసింది.

ఆసుపత్రిలో డాక్టరు పెద్దావిడ ఇక లేవదన్నాడు. వయసుకి తోడు షుగరు, మంచమే గతి అన్నాడు. వచ్చేసేముందు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మాత్రం కోడల్ని పక్కకి పిలిచి, కాలు ఎలా వంచాలో, మడమ కింద చేయి ఎలా పెట్టాలో, భుజం జారిపోకుండా ఎలా లేపాలో చూపించింది. "ఒక్కపూట కూడా మానొద్దక్కా," అంది. మానలేదు. వంచేటప్పుడు పెద్దావిడ నొప్పికి అరిచేది, తిట్టేది, "నన్ను చంపడానికొచ్చావే" అని జుట్టు పట్టుకునేది. ఎన్నిసార్లు వంచిందో లెక్క తప్పిపోయేది. అందుకని ఒక ఉపాయం కనిపెట్టింది. దేవమాతకి చెప్పే మంగళవార్త జపం ఒకటి అయ్యేలోపు ఒకసారి వంచడం. జపం సగంలో కాలు పైకి, సగంలో కిందికి. జపమాలలో ఒక వరస పూసలయితే కాలి వంతు పూర్తి, రెండో వరస చేతికి. దేవమాత పేరు వినబడుతుంటే పెద్దావిడకి తిట్లు కూడా నోటికి వచ్చేవి కావు. నొప్పి పుడుతున్నా తనూ గొంతు కలిపేది.

వాకిట్లో పేపరు చదువుకునే అతనికి ఆ జపమే వినబడింది. మొదటిసారి గుడిపెద్దలు అడిగినప్పుడు అదే చెప్పాడు. "మా ఆవిడ మూడుపూటలా అమ్మ మంచం దగ్గర కూర్చుని జపమాల చెప్పేదండీ. అంతకుమించి ఎవరూ ఏమీ చేయలేదు." చెప్పొచ్చాక ఇంట్లో ఆ మాటే మళ్లీ చెప్పి, తనని మెచ్చుకున్నాననే అనుకున్నాడు.

అద్భుతం జరిగింది నవదిన ప్రార్థనల చివరిరోజున. బడి స్థాపించి ఎన్నడో కన్నుమూసిన పెద్దసిస్టరమ్మని పునీతురాలిగా, అంటే సెయింటుగా, ప్రకటించాలని గుడివాళ్లందరి కోరిక. అందుకు ఆమె పేరున ఒక అద్భుతం రుజువు కావాలి. ఆమెని వేడుకుంటూ ఇంటింటా ప్రార్థనలు పెడుతూ ఈ ఇంటికీ వచ్చారు. గదినిండా జనం. పాట అందుకోగానే పెద్దావిడ మంచం దిగి నిలబడింది, నాలుగడుగులు వేసి పెద్దసిస్టరమ్మ పటాన్ని ముట్టుకుంది. ఆడవాళ్లు ఏడ్చేశారు. సెల్‌ఫోన్లు లేచాయి. అప్పుడు కోడలు వంటింట్లో అందరికీ టీ కలుపుతోంది. కేకలు విని పాలగిన్నె దించేసి పరిగెత్తుకొచ్చేసరికి, గుమ్మం దగ్గర జనం అడ్డంగా నిలబడి దారివ్వలేదు.

అంతకు వారం ముందే స్నానాలగదిలో పెద్దావిడ కోడలి భుజాలు పట్టుకుని లేచి నిలబడింది. ఇద్దరూ తడిసి ముద్దయి, ఒకర్ని చూసి ఒకరు పిచ్చిగా నవ్వుకున్నారు. ఆ సాయంత్రం భర్తకి చెబితే ఫోన్లోంచి తల ఎత్తకుండా "ఊఁ" అన్నాడు. సాక్షి అంటే ఉన్నది ఆ "ఊఁ" ఒక్కటే.

ఆమె దేవుణ్ణి నమ్మని మనిషి కాదు. సైన్సు టీచరు. టీచరుగా ఉండేది, అనాలి. సెలవు పొడిగించమని అడిగితే "అత్తగారి సేవ కూడా దేవుడి పనే కదమ్మా" అని నవ్వి, హెడ్మిస్ట్రెస్ సిస్టరు ఆ ఉద్యోగంలో వేరే అమ్మాయిని వేసుకుంది. క్లాసులో తుంటరి పిల్లలు "టీచర్, సైన్సు నిజమా, అద్భుతాలు నిజమా?" అని అడిగితే ఆమె గర్వంగా చెప్పేది: మన క్రైస్తవ సభ అద్భుతమన్నదాన్నల్లా నమ్మేయదురా, ముందు డాక్టర్లని పిలిచి అడుగుతుంది, ఏ కారణమూ దొరకనప్పుడే ఒప్పుకుంటుంది, అంత జాగ్రత్త ఇంకెవరికి ఉందీ అని. ఆ మాట ఇప్పటికీ నమ్ముతుంది. ఆ డాక్టర్లకి ఎవరు ఏం చెబుతారన్నది మాత్రం అప్పట్లో ఆమెకి తట్టలేదు.

గుడి ఫాదర్‌గారు మొన్న ఇంటికొచ్చి కాఫీ తాగుతూ విడమర్చి చెప్పారు. "సైన్సు చేతులెత్తేయాలమ్మా. అప్పుడే అద్భుతం. చిన్న వైద్యం జరిగిందని తేలినా కేసు కొట్టేస్తారు." ఖాళీ కప్పు ఆమె చేతికిస్తూ ఆ మాట అన్నారాయన. తన చేతులు ఎప్పుడు ఎత్తేసిందా అని ఆమె ఆలోచించింది. నడుం పట్టేసినప్పుడు కూడా ఎత్తలేదు.

వాళ్ల గుడి పరిధిని విచారణ అంటారు, దర్యాప్తుని కూడా విచారణే అంటారు. ఇప్పుడు విచారణలో విచారణ. మొదటిదానిలో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో అందరికీ తెలుసు. రెండోదానిలో అందరూ ఏమీ తెలియనట్టు మొహాలు పెట్టి కూర్చోవాలి.

తెల్లారాక అతను ఇస్త్రీచొక్కా తొడుక్కుంటూ గదిలోకి తొంగిచూశాడు. "అమ్మ కాలు బిగుసుకుందంటోంది. బయల్దేరేలోపు ఓసారి ఆ కసరత్తు చేయించు. అక్కడ నడిచి చూపించాలి కదా."

ఆమె అతని వంక చూసింది. వేళాకోళం ఆడుతున్నాడేమో అనుకుంది. అతని మొహంలో అలాంటిదేం లేదు, బొత్తాలు పెట్టుకుంటున్నాడు. కసరత్తు అని దాని పేరు కూడా తెలుసన్నమాట. తెలియక చెప్పిన అబద్ధమని ఇన్నాళ్లూ క్షమిస్తూ వచ్చింది. ఒళ్లు మండిపోయింది. మండిపోతూనే వెళ్లి అత్తగారి మడమ కింద చేయి పెట్టింది.

గుడి వెనక హాల్లో పొడవాటి బల్ల. బిషప్‌గారు పంపిన పెద్ద ఫాదరు మధ్యలో, ఒక డాక్టరు పక్కన, రాసుకునే ఆయన చివర. ముందు పెద్దావిడ నడిచి చూపించింది. అందరూ దేవుణ్ణి స్తుతించారు. ఆ తర్వాత కోడల్ని ఒక్కదాన్నే లోపలికి పిలిచి తలుపు మూశారు. పరిశుద్ధ గ్రంథం మీద చేయి పెట్టి నిజమే చెబుతానంది.

"ఇంటికి తెచ్చాక ఆమెకి చికిత్స ఏమైనా జరిగిందామ్మా?"

లేదు ఫాదర్. లేదన్న ఆ మాటలో మూడక్షరాలు కూడా లేవు. అనేస్తే అయిపోతుంది. గుడి పేరు నిలబడుతుంది, అత్తగారి పటం పెద్దసిస్టరమ్మ పటం పక్కన వేస్తారు, భర్త ముందువరసలో కూర్చుంటాడు. తను చేసిందానికి ఇప్పటివరకూ పేరు లేదు. ఇక మీదట అది జరగనే లేదని తన నోటితోనే అన్నట్టవుతుంది.

"చికిత్స అంటే ఏంటి ఫాదర్?"

ఆయన డాక్టరు వైపు చూశాడు. "మందులు, ఇంజెక్షన్లు, ఫిజియోథెరపీ," అన్నాడు డాక్టరు. "ఎవరైనా ఇంటికొచ్చి చేశారా?"

"ఎవరూ రాలేదు. నేను ఇంట్లోనే ఉన్నాను. నేనే చేశాను."

చెప్పింది. మడమ, మోకాలు, భుజం. పూసలు. స్నానాలగది. డాక్టరు కలం పట్టుకుని ముందుకి వంగాడు. రోజుకెన్నిసార్లు, ఎంతసేపు, ఎవరు నేర్పారు, ఏ నెలలో వేలు కదిలింది అని వరసగా అడిగాడు. ఇన్ని ప్రశ్నలు ఆ కాలు గురించి ఇంతవరకూ ఎవరూ ఆమెని అడగలేదు.

"ఎప్పుడు ఆపేశారు?"

"ఆపలేదండీ. ఈ పూట కూడా చేయించే తీసుకొచ్చాను."

రాసుకునే ఆయన చేయి ఆగింది. పెద్ద ఫాదరు మంచివాడు, గొంతు పెంచలేదు. "ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఎవరూ అడగలేదు ఫాదర్. మావారిని అడిగారు."

"నీ చేతుల ద్వారా ఆ సిస్టరమ్మే చేసిందనుకోవచ్చు కదా?"

"నేనూ అలాగే అనుకున్నాను. జపం చేస్తూనే చేశానుగా. అలాగే రాయండి. చేతులు కూడా రాయండి."

"చేతులు రాస్తే అది అద్భుతం కాదమ్మా." ఆయన గొంతులో నిజమైన బాధే ఉంది.

ఆ కాలు లేవడంలో దేవుడి పాలెంతో ఆమెకి తెలియదు. అంతా ఆయనదే అన్నా కాదనేది కాదు, నేర్పినదాన్ని వంటబట్టించిందీ, తెల్లారేసరికి లేవగలిగే ఓపిక ఇచ్చిందీ ఆయనే అనుకునేది. కానీ దేవుడు ఒంటరిగా చేస్తేనే అద్భుతమట, ఒక ఆడమనిషి పక్కన నిలబడి సాయం పడితే చెడిపోతుందట. పరలోకంలో కూడా ఇంటిపనికి విలువ లేదు కాబోలు అనుకుంది. పైకి మాత్రం, "అయితే వద్దు ఫాదర్. చేతులు తీసేసి మాత్రం రాయకండి," అంది. చదివి వినిపించాక సంతకం పెట్టింది.

బయట వరండాలో బల్ల మీద పెద్దావిడ కూర్చుని ఉంది. లోపలి మాట తలుపు దాటి ఎలా వచ్చిందోగానీ అతని మొహం అప్పటికే కందగడ్డలా ఉంది.

"ఇప్పుడు చల్లారిందా కడుపు? ఊరంతా మా అమ్మని చూడ్డానికి వస్తుంటే ఓర్వలేకపోయావు. నాలుగు రోజులు కాలు పిసికినందుకు దేవుడికే పోటీ వచ్చావు!"

"పిసికానని ఒప్పుకున్నారు, సంతోషం," అందామె.

అతను తలకొట్టుకుంటూ ఆటో పిలవడానికి గేటు వైపు వెళ్లిపోయాడు. ఆమె వెళ్లి అత్తగారి పక్కన కూర్చుంది.

పెద్దావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. "ఎందుకు చెప్పావే అమ్మాయ్," అంది. "నువ్వు చేశావు, నాకు తెలీదా? తెలుసు. కానీ ఇన్నేళ్ల బతుకులో నన్నెవరూ ఏరికోరి చూసింది లేదే. పుట్టింట్లో అయిదో ఆడపిల్లని. ఇక్కడ వంటమనిషిని. దేవుడొక్కడైనా ఇంతమందిలో నన్ను పేరుపెట్టి పిలిచాడనుకున్నాను. అదీ లాగేసుకున్నావు."

ఈ మాటకి మాత్రం ఆమె సిద్ధంగా లేదు. భర్త అరుపులకి ఎదురు చెప్పడం తేలిక. ఈ ముసలావిడ తనలాగే ఎక్కడా లెక్కకి రాకుండా బతికిందని, ఆవిడకి దొరికిన ఒక్క గౌరవాన్ని తన చేతులే ఊడబెరికాయని ఇప్పుడే తెలిసింది. అలాగని చెప్పిన మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. క్షమించమని నోటిదాకా వచ్చింది, మింగేసింది.

"మీ అత్తగారికి కూడా పక్షవాతమే కదా అత్తయ్యా?" అంది.

"ఊఁ. దానికేం?"

"ఎవరు చూసుకునేవారు?"

"ఇంకెవరు? నేనే. తొమ్మిదేళ్లు. నీకు నేర్పినట్టు నాకు నేర్పేవాళ్లు కూడా లేరు. తోచినట్టు కాళ్లూచేతులూ పట్టేదాన్ని, పూటపూటకీ ఎత్తి కూర్చోబెట్టేదాన్ని, నా నడుం అక్కడే పోయింది. చివరికి పోయిందావిడ."

"అప్పుడు దేవుడే తీసుకుపోయాడన్నారా అందరూ?"

పెద్దావిడ చేతిలో కొంగు అలాగే ఉండిపోయింది. గేటు దగ్గర ఆటో హారన్ కొట్టింది. అతను చేయి ఊపి పిలుస్తున్నాడు. ఆవిడ అటు చూడలేదు.

"లేదే," అంది మెల్లగా. "నేను సరిగ్గా చూడలేదన్నారు."