చచ్చిన దొర ఆఖరి పిసినారితనం

ఔలుస్ నుమీసియస్ చచ్చిపోయాడంటే రోము నగరంలో ముందు ఎవరూ నమ్మలేదు. చావుకి కూడా ఎంతో కొంత ఖర్చవుతుంది కదా, ఆ పెద్దమనిషి అంత తెగింపు చేసి ఉండడని అందరి అభిప్రాయం. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. చావింటి గుర్తుగా గుమ్మానికి సైప్రస్ కొమ్మ కట్టి, బాకాలవాళ్లు వచ్చి వీధిలో నిలబడ్డాక గానీ జనానికి నమ్మకం కుదరలేదు. కుదిరాక కూడా ఎవరి కంటా తడి లేదు. ఏడవడానికి బయటినుంచి ఆడవాళ్లని కూలికి పిలిపించాల్సి వచ్చింది.

శవం ముందు నడవడానికి వేషగాడు కూడా కావాలి. పెద్దింటి చావులో అది లేకపోతే పరువు దక్కదు. పోయినవాడి ముఖాన్ని మైనంలో అచ్చు తీసి, అది తొడుక్కుని, ఆయనలా నడిచి, ఆయనలా దగ్గి, ఆయన బుద్ధులన్నీ నలుగురి ముందూ ఆడిపోసుకోవాలి. బతికుండగా అనలేని మాటలన్నీ ఆ ఒక్క పూట అనొచ్చు. ఆ విద్యలో స్కిర్టుస్‌ని మించినవాడు ఊళ్లో లేడు. పైగా వాడు పుట్టింది ఆ ఇంట్లోనే. పదమూడేళ్లు వచ్చేదాకా ఔలుస్ దొర తిట్లు తిని పెరిగాడు, అన్నిటికన్నా అవే కడుపునిండా దొరికేవి. ఆ తర్వాత ఒక నాటకాలవాడు వాణ్ణి కొనుక్కుపోయి, గంతులు నేర్పి, కొన్నేళ్లకి విడుదల చేశాడు. వాడి తండ్రి డోరుస్ మాత్రం కాలికి గొలుసుతో ఆ గుమ్మం దగ్గరే కాపలా బానిసగా ఉండిపోయాడు.

ఆ ఉదయం స్కిర్టుస్ వెళ్లేసరికి ముసలాడు గుమ్మంలో కూర్చుని మోకాళ్లు పిసుక్కుంటున్నాడు.

"వచ్చావురా? దొర దగ్గు గుర్తుందా?"

"ఆ దగ్గు వింటూనే గదా నాన్నా పెరిగాను. అది సరే, వీలునామా చదివారా?"

"చదివారు."

"నీ పేరుందా?"

"ఎందుకుండదూ. జాడీలు, చాపలు, కంచు దీపం సెమ్మె, ఆ తర్వాత నేను. అన్నీ చిన్నదొరకే." డోరుస్ మోకాలి మీంచి చెయ్యి తియ్యలేదు. "రేపు పొద్దున్నే నన్ను పొలానికి తోలేస్తారంట. తిరగలి తిప్పడానికి. అక్కడి గాడిద చచ్చిందంట."

"అదేంటి! తను పోగానే నీకు విడుదల అని దొర మాటిచ్చాడన్నావుగా? నన్ను అమ్మేసిన రోజు నువ్వే గదా చెప్పావు! పద్దెనిమిదేళ్లుగా ఆ మాట పట్టుకునే బతుకుతున్నాను నేను!"

"దొరల మాటలు నీటి మీద రాతల్రా. వదిలెయ్," అని ముసలాడు ముఖం తిప్పేసుకున్నాడు.

ఆ మోకాళ్లతో తిరగలి కొయ్యకి కడితే నెల తిరక్కుండా పోతాడు. అది స్కిర్టుస్‌కి తెలుసు, డోరుస్‌కీ తెలుసు. చిన్నదొర డెసిముస్‌కి తెలిసినా పట్టింపు లేదు.

అయినా స్కిర్టుస్ లోపలికెళ్లి అడిగాడు. హాల్లో తాతముత్తాతల మైనపు ముఖాల బీరువాలన్నీ తెరిచి ఉన్నాయి. మధ్యలో శవం. పక్కన డెసిముస్, నల్లబట్ట మీద చిమ్మటలు కొట్టిన కన్నం కనపడకుండా మడతలు సర్దుకుంటున్నాడు.

"చిన్నదొరా, మా నాన్నకి పెద్దదొరగారు నోటి మాట ఇచ్చారండీ."

"వీలునామాలో లేదే."

"పెద్దదొరే స్వయంగా ఇచ్చారండీ."

"అయితే వెళ్లి ఆయన్నే అడుగు," అని డెసిముస్ శవం వైపు గడ్డంతో చూపించి, తన హాస్యానికి తనే పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆ రోజంతా ఔలుస్ దొర నోరు ఎవరి మూతికి ఉండబోతోందో ఆ తెలివితక్కువ దద్దమ్మకి తట్టనేలేదు. స్కిర్టుస్‌కి మాత్రం వెంటనే తట్టింది. పెద్దదొర మైనపు ముఖం తీసుకుని తొడుక్కున్నాడు.

ఊరేగింపు బయల్దేరింది. ముందు పిల్లనగోవులు, బాకాలు, వెనక కూలి ఏడుపులు, ఆ వెనక రథాల మీద తాతల ముఖాలు తొడుక్కున్న వేషగాళ్లు, వాళ్ల తర్వాత స్కిర్టుస్, శవం, ఇంటి బానిసలు, వాళ్లలో ఆ పూటకి గొలుసు విప్పిన డోరుస్. వీధి మలుపు తిరగకముందే స్కిర్టుస్ జనాన్ని పట్టేశాడు. కాగడా పట్టుకున్నవాడి మీదకి దూకి, "పట్టపగలు కాగడా ఏంట్రా, మీ బాబు సొమ్మా? ఆర్పు! రాత్రి ఎవడైనా చస్తే పనికొస్తుంది!" అన్నాడు. ఏడుపుగత్తె దగ్గరికెళ్లి, "నెమ్మదమ్మా, నెమ్మది. సగం కన్నీళ్లు దాచుకో, రేపు మావాడు కూడా పోవచ్చు," అన్నాడు. చేపలమ్మే ఆడది ఒకతె నవ్వలేక బుట్ట దించేసి రోడ్డు మీద కూలబడింది. "అచ్చం ఆయనే! నా దగ్గర కుళ్లిన చేప అడిగి మరీ కొనేవాడు, సచ్చినోడు!" అంది. డెసిముస్ కూడా నవ్వాడు. తిట్టు తండ్రికి కదా, తనకి కాదు.

ఊరి నడిబొడ్డున సభలు జరిగే ఫోరానికి చేరాక తాతల వేషగాళ్లందరూ, పెద్ద పదవులు చేసిన వంశాలకే దక్కే దంతపు కుర్చీల్లో వరసగా కూర్చున్నారు. నుమీసియస్‌లకి దూరపు చుట్టమైన న్యాయాధిపతి బెత్తాల భటులతో వచ్చి నిలబడ్డాడు. డెసిముస్ అరుగెక్కి తండ్రి దాతృత్వం గురించి మాట్లాడాడు. జనం మర్యాదగా దగ్గారు. వాడు దిగబోతుండగా స్కిర్టుస్ లేచాడు.

"ఆగరా అబ్బాయ్. నా మాట ఒకటి మిగిలిపోయింది. గుమ్మం దగ్గరి డోరుస్‌కి విడుదల ఇస్తానన్నాను. ఇచ్చెయ్."

ఫోరమంతా గొల్లుమంది.

"ఔలుసా? ఇవ్వడమా?" అని ఎవడో వెనకనుంచి అరిచాడు. "ఒరేయ్ స్కిర్టుస్, వేషం చెడగొట్టావురా!"

"ఇంకెవరి ముఖమో తొడుక్కొచ్చాడు, చూడండర్రా!" అంది చేపలావిడ.

డెసిముస్ కూడా నవ్వేసి కిందికి మెట్టు దిగాడు. మైనం లోపల స్కిర్టుస్ ముఖం చెమటలో మునిగిపోయింది. పొద్దుటినుంచీ పిసినారితనం అంత బాగా ఆడాడే, ఇప్పుడు మంచి మాట అంటే నమ్మేవాడెవడు? తన పనితనమే తన తండ్రి మెడకి చుట్టుకుంది. బానిసల గుంపులో డోరుస్ తల వంచుకుని నిలబడి ఉన్నాడు. అది చూసి స్కిర్టుస్ దొరలా ఒక్క దగ్గు దగ్గి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏంట్రా నవ్వుతున్నావు, తిండిదండగ వెధవా! ఆ ముసలాడికి నోట్లో నాలుగు పళ్లు లేవు గానీ నెలకి గాదె ఖాళీ చేస్తున్నాడు. పొలానికి తోలితే తిరగలి తిప్పుతాడా, తిరగలి మీద పడి చస్తాడా? చస్తే మళ్లీ పాతెయ్యడానికి గొయ్యి నీ తాత తవ్వుతాడా? విడుదల చేసి పారెయ్! పౌరుడైతే వాడికి నెలనెలా సర్కారు గోధుమలు ఊరికే వస్తాయి. ఊరు మేపుతుంది. మనమెందుకు మేపాలి?"

ఈసారి నవ్వు లేదు, చప్పట్లు మోగాయి. "ఆఁ! అదీ! ఇదిగో మా ఔలుస్!" అని జనం కేకలు పెట్టారు.

డెసిముస్ మెట్టు మీదే ఆగిపోయాడు. తండ్రికి తగ్గ కొడుకు కదా, పెదవులు కదుపుతూ లెక్క వేసుకోవడం అందరికీ కనిపించింది. "మరి... విడుదల పన్ను?" అన్నాడు, మైనపు ముఖంతో, నిజంగా తండ్రితో మాట్లాడుతున్నట్టు.

"వాడికో కొడుకున్నాడుగా, నాటకాల్లో గంతులేసి బతికే వెధవ! వాడి చేత కట్టించు. మన చేతికి తడి అంటనివ్వకు!"

"సరే నాన్నా," అన్నాడు డెసిముస్. ఆ మాట నోరు జారాక ఇక వెనక్కి తీసుకునే దారి లేదు, ఫోరమంతా వింది. న్యాయాధిపతి నవ్వాపుకుంటూ వేలు ఊపాడు. భటుడు డోరుస్ తల మీద బెత్తం ఆనించి, ఈ మనిషి స్వతంత్రుడు అన్నాడు. విడుదల ఆచారం ప్రకారం డెసిముస్ వాణ్ణి చెయ్యి పట్టుకుని ఓసారి గిర్రున తిప్పి వదిలేశాడు. శవయాత్ర గుత్తేదారు ఎక్కడినుంచో ఉన్ని టోపీ తీసి ముసలాడి నెత్తిన పెట్టాడు. పెద్దింటి చావులో విడుదలైనవాళ్లు టోపీలతో నడిస్తే పోయినవాడికి గొప్ప కనక నాలుగు తెచ్చాడు గానీ, ఈ ఇంట్లో ఒక్కటైనా ఖర్చవుతుందని అతనూ అనుకోలేదు.

"ఎంత మంచి మనిషండీ ఔలుస్! కడసారి కూడా బానిసని మర్చిపోలేదు," అని అప్పుడే పక్కవీధివాళ్లు అనడం మొదలెట్టారు. చచ్చినవాడి కళ్లు చారెడు మరి.

మళ్లీ బాకాలు ఊదారు. చితి వైపు నడక మొదలైంది. టోపీ పెట్టుకున్నవాడు శవానికి ముందు నడవాలి కాబట్టి డోరుస్ కుంటుకుంటూ వచ్చి కొడుకు పక్కన చేరాడు. చేరి, దొర చేతిని ముద్దు పెట్టుకుంటున్నట్టు వంగాడు.

"ఆయన నాకు మాటా ఇవ్వలేదు, మన్నూ ఇవ్వలేదురా," అన్నాడు నెమ్మదిగా.

స్కిర్టుస్ ఆగిపోబోయాడు. "మరి ఆ రోజు..."

"ఆ రోజు నా నడుం వాటేసుకుని వదల్లేదు నువ్వు. ఆ నాటకాలవాడు విసుక్కుని బేరం మానేసేట్టున్నాడు. ఏదో ఒకటి చెప్పకపోతే నువ్వా గడప దాటేవాడివా?"

స్కిర్టుస్ ఇక దొరలా నడవడం మానేశాడు. తండ్రి చంకలో చెయ్యి వేసి, ఆ మోకాళ్ల బరువంతా తన మీదకి తీసుకుని నడవసాగాడు. దంతపు కుర్చీల వంశం పెద్దమనిషి కాపలా బానిసని మోసుకుపోతున్నట్టుంది అది.

"ఇది మాత్రం మరీ అతి," అంది చేపలావిడ, బుట్ట నెత్తికెత్తుకుంటూ. "ఔలుస్ జన్మలో ఇలా నడవలేదు. మళ్లీ చెడగొట్టాడు."

నాలుగువైపులా ఈలలు లేచాయి, ఎవడో ఉల్లిగడ్డ విసిరాడు. స్కిర్టుస్ ఆ చెయ్యి వదల్లేదు.