స్టెప్నీ గ్యాస్ బుడ్డి

వానకి బురదైపోయిన మైదానంలో, పెన్సిల్వేనియా పాత కార్ల సంతలో, నా సామాను పరుచుకుని కూర్చున్నాను. గ్లెన్ హోస్టెటర్ వస్తున్నాడని దూరం నుంచే చూసి, బుడ్డి మూత ఊడదీసి గుప్పిట్లో పెట్టుకున్నాను. వాడి జేబులో నకిలీ మూత ఉండే ఉంటుంది. చూస్తానంటూ తీసుకుని మూతలు మార్చేసే రకాలు ఈ సంతలో తక్కువేం లేరు. అందులో చదువుకున్నవాళ్ళే ఎక్కువ.

బుడ్డి అరవై ఎనిమిది మోడల్ కారుది. వాటిలో స్టెప్నీ గాలి లేకుండా మడిచి ఉంటుంది. దారిలో టైరు పోతే ఈ బుడ్డిలోని గ్యాస్ ఎక్కించి ఉబ్బించుకోవాలి. ఒక్కసారికే వస్తుంది, అందుకే వాడనిది దొరకదు. గ్లెన్ కారులో ప్రతి మరా ఫ్యాక్టరీదే, ఈ బుడ్డి ఒక్కటే లోటు. అన్నీ ఫ్యాక్టరీవే ఉన్న పాత కారుకి బహుమతిచ్చే పోటీలో, కిందటేడు ఎవడో అంటగట్టిన నకలు పెడితే, జడ్జీలు తక్కెడకి తగిలించి, ఉత్త డబ్బా అని కారుని బయటికి పంపేశారు. అందరూ నవ్వారు. రేపు పొద్దున్న మళ్ళీ పోటీ.

"ఎక్కడిదయ్యా డెల్బర్ట్, ఇది?"

"కారు డిక్కీలోది. చెట్టుకి కాసిందనుకున్నావా?"

భూతద్దం తీశాడు. అడుగున కొట్టిన అచ్చు చూశాడు. బుడ్డికి అంటించిన కాగితం అంచుని గోటితో గీకాడు. వాసన కూడా చూశాడు.

"కాగితం మరీ తెల్లగా ఉందే."

"డిక్కీలో ఎండ కాస్తుందా?"

"మూతేదీ?"

"నా దగ్గరుంది. కొన్నాక ఇస్తా."

"అంటే మూత నకిలీదన్నమాట."

"అంటే నీ సంగతి నాకు తెలుసన్నమాట."

మా ఆవిడ వెర్నా కాఫీ పోస్తూ, "ఆ డబ్బాని చూసినట్టు పెళ్ళాన్ని చూసుంటే నీ కాపురం నిలబడేది గ్లెన్," అంది. వాడు నవ్వలేదు.

తక్కెడ ఇచ్చాను. తగిలించాడు. నిండు బుడ్డి ఎంత తూగాలని కాగితం మీద ఉందో, సరిగ్గా అంతే తూగింది.

"ఇసుక పోసి అతికించుంటావు."

"అంత ఓపికుంటే ఈ బురదలో కూర్చుంటానా?"

"పోయినేడు అమ్మినవాడు కూడా ఇలాగే మాట్లాడాడు," అంటూ బుడ్డి మూతి దగ్గరున్న మీట మీద బొటనవేలు పెట్టాడు.

"ఒరేయ్, నొక్కకురా!" అని లేచేలోపే నొక్కేశాడు.

బుస్సుమంది. లోపలికి దిగిన ఆ మీట మళ్ళీ పైకి రాలేదు. బుడ్డి చల్లబడి, వాడి వేళ్ళ చుట్టూ తెల్లగా మంచు పట్టింది.

"గ్యాసే! అసలుదే డెల్బర్ట్! అసలుదే!" పెళ్ళికొడుకులా వెలిగిపోయాడు. "విన్నావా వెర్నా?"

వెర్నా కాఫీ కూజా కింద పెట్టేసింది. చప్పుడు సన్నబడుతూ సన్నబడుతూ ఆగిపోయింది.

అప్పటికి అర్థమైంది వాడికి. బొటనవేలు అక్కడే ఉంచి ఇంకా గట్టిగా అదిమాడు.

"అసలుదే కదా," అన్నాడు మెల్లిగా.